నేలలో కలిసిపోవడం

పోయిన డిసెంబర్‌లో ఒక ఆదివారం మా ఆర్కిటెక్ట్ స్నేహితురాలు లాప్‌టాప్ పట్టుకొని మా ఇంటికొచ్చింది. సంగారెడ్డి దాటాక ముంబై హైవే నుంచి నాలుగైదు కిలోమీటర్లు లోపలికి పోతే ఒకాయనకి పన్నెండెకరాల తోట ఉంది. మామిడి, కొంచెం జామ, రెండెకరాల్లో కొత్తగా పెట్టిన ద్రాక్ష. ఆ ద్రాక్ష పందిళ్ళ పక్కన ఆయనకొక వైన్ టేస్టింగ్ పెవిలియన్ కావాలట. వైన్ అక్కడ తయారు చెయ్యరు. బయటి నుంచి తెప్పిస్తారు. వారాంతాల్లో గచ్చిబౌలి నుంచి పదిహేను ఇరవైమంది వస్తారు, సాయంత్రం గ్లాసు చేత్తో పట్టుకొని తోట చూస్తారు, రాత్రికి వెళ్ళిపోతారు. లైసెన్సుల సంగతి ఆయనే చూసుకుంటానన్నాడు. మట్టిలో తేమ, ట్యాంకులో నీటి మట్టం కొలిచే సెన్సర్లు, వాటికో చిన్న డాష్‌బోర్డు నేను చేసిపెట్టాలి. స్నేహం కొద్దీ ఒప్పుకున్నాను.

డ్రాయింగులు బాగున్నాయి. నిజంగా బాగున్నాయి. గోడలకి అక్కడి ఎర్రమట్టినే తవ్వి, కొద్దిగా సిమెంటు కలిపి, పొరలు పొరలుగా దిమ్మిస చేస్తారు. పునాదికి జహీరాబాద్ వైపు దొరికే ఎర్రరాయి. కింద తాండూరు బండలు. పడమటి గోడకి కిటికీలే లేవు, మధ్యాహ్నం ఎండ లోపలికి రాకుండా. పైకప్పు మీద అడుగు మందం మట్టిపోసి, ఆ చుట్టుపక్కల పెరిగే గడ్డే పెంచుతారు. రెండువందల యాభై చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి ఎనిమిదివందల యాభై మిల్లీమీటర్ల వాన పడుతుందనుకుంటే రెండు లక్షల లీటర్ల పైమాట. మట్టీ గడ్డీ పీల్చుకున్నది పోయినా లక్ష లీటర్లు సంపులోకి వస్తాయి. ఏసీ లేదు. గ్లాసులు కడిగిన నీళ్ళు కూడా రెల్లు మడిలోంచి వడిసి మామిడి చెట్లకి పోతాయి.

అన్నీ చూపించాక చివర్లో ఒక బొమ్మ తెరిచి, కొంచెం గర్వంగానే అంది: "చూడు, రోడ్డు మీద నుంచి చూస్తే అసలక్కడ బిల్డింగ్ ఉన్నట్టే తెలీదు. నేలలో కలిసిపోతది."

"బాగుంది" అన్నాను. బాగుందన్న తర్వాత కూడా ఏదో గుచ్చుకుంటూనే ఉంది. ఏమిటో అప్పుడు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ గుచ్చుకున్నదేమిటో వెతుక్కోవడానికే.

*

నేలలో కలిసిపోయే కట్టడం గొప్పదనే మాట ఇప్పటిది కాదు. ఇల్లు కొండ మీద కూర్చున్నట్టు ఉండకూడదు, ఆ కొండకే చెందినట్టు ఉండాలని ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఒక శతాబ్దం కిందటే వాదించాడు. ఇటలీలో ఫ్లారెన్స్ దగ్గర బార్జీనో అనే చోట ఆంటినోరి కుటుంబం కట్టించిన వైనరీ అయితే కొండలోపలే ఉంటుంది. దాని కప్పు మీద ద్రాక్షతోట. దూరం నుంచి చూస్తే కొండవాలు మీద రెండు పొడవాటి గీతలు కోసినట్టు కనపడుతుంది, అంతే. మనకి దగ్గర్లో చూడాలంటే శ్రీలంకలో జెఫ్రీ బావా కట్టిన కందలమ హోటల్. కొండ అంచుని పట్టుకొని దాదాపు కిలోమీటరు పొడవున సాగుతుంది. తీగలు కప్పేసి అడవీ హోటలూ విడదీయలేనట్టు ఉంటాయి. కింద పాతకాలపు చెరువు.

కందలమ ఫొటోలు చూసినవాళ్ళకి ఒక సంగతి తెలియకపోవచ్చు. 1990ల మొదట్లో అది కట్టబోతున్నప్పుడు అక్కడి రైతులూ బౌద్ధ భిక్షువులూ పెద్ద ఎత్తున నిరసన చేశారు. చెరువు పాడవుతుందని ఒక భయం, తమ బతుకులోకి వేరే లోకం దిగబడుతుందని ఇంకో భయం. బావా కట్టిన తీరు ఆ భయాల్లో కొన్నింటికి జవాబు చెప్పిందనే అంటారు. అది కాదనను. కానీ వాళ్ళు అడిగింది హోటల్ కనపడుతుందా లేదా అని కాదు. హోటల్‌కి నీళ్ళు ఎక్కడివి, వాడిన నీళ్ళు ఎక్కడికి, లాభం ఎవరికి అని. ఆ ప్రశ్నలకి తీగలు కప్పిన గోడ జవాబు కాలేదు. కంటికి కలిసిపోవడం ఒక సంగతి, బతుకులో కలిసిపోవడం ఇంకో సంగతి. డ్రాయింగులో మొదటిదే కనపడుతుంది.

ఇక మా స్నేహితురాలి పెవిలియన్ ఏ నేలలో కలిసిపోబోతోందో చూడాలి.

*

ఇక్కడ ద్రాక్ష అంటే ఎవరో నాశిక్ నుంచి ఎత్తుకొచ్చిన ఫ్యాషన్ అనుకోకండి. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు ద్రాక్ష దేశం. అనబ్-ఎ-షాహి, అంటే రాజుగారి ద్రాక్ష. దాన్ని పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అబ్దుల్ బాకర్ ఖాన్ అనే ఆయన ఇక్కడికి తెచ్చి పెంచాడని చెబుతారు. పెద్ద పెద్ద గింజలు, తేనె రంగు తిరిగే తెలుపు, లోపల విత్తనాలు, విపరీతమైన కాపు. డెక్కన్‌లో చలికి తీగ నిద్రపోదు కాబట్టి ఏడాదికి రెండుసార్లు కత్తిరించాలి, ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి. ఫిబ్రవరి మార్చిల్లో పండ్లు. మా చిన్నప్పుడు పటాన్‌చెరు నుంచి లోపలికి పోయే రోడ్ల పక్కన రాతి కడీల మీద పరిచిన పందిళ్ళు నాకు లీలగా గుర్తున్నాయి. వాటి కింద చీకటిగా, చల్లగా ఉండేది. తర్వాత బోర్లు ఎండాయి, తెగుళ్ళు ముదిరాయి, గింజలేని థామ్సన్ రకాలతో మహారాష్ట్ర ముందుకుపోయింది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఎకరం ద్రాక్ష ఇచ్చేదానికన్నా ఎకరం ప్లాట్లు ఎక్కువ ఇవ్వడం మొదలైంది. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం మాత్రం మిగిలింది. ఇవాళ హైదరాబాద్ పారిశ్రామికవేత్తలు వైన్ ద్రాక్ష పెంచాలనుకుంటే హంపి కొండల దాకా వెళ్ళి కృష్మా లాంటి ఎస్టేట్ పెట్టుకున్నారు.

కాబట్టి ద్రాక్షపందిరి ఇక్కడికి పరాయిది కాదు. దాని పక్కన నాలుగు మట్టిగోడలూ పరాయివి కావు. కానీ పందిళ్ళు పోయాక ఈ నేల ఖాళీగా ఏం లేదు. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ అప్పటికే ఉంది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చింది, ఎర్రనేలా నల్లనేలా రెండూ ఒకేచోట దొరుకుతాయని. అదే దశాబ్దంలో పారిశ్రామికవాడ మొదలైంది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి ఎంపీ అయ్యాక ఇంకా వేగం అందుకుంది. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, ఖాజీపల్లి, గడ్డపోతారం. ప్రపంచం మింగే మాత్రల్లో పెద్ద వాటాకి ముడిసరుకు ఈ పేర్ల దగ్గర తయారైంది.

ఆ తయారీలో మిగిలింది వాగుల్లోకి పోయింది. ఇసుకవాగు, నక్కవాగు, అక్కణ్ణుంచి మంజీర. పొలాలు పాడయ్యాయి, బావులు రంగు మారాయి. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ కిషన్‌రావు గారు తన దగ్గరికొచ్చిన రోగుల్ని చూసి, మందు రాస్తే సరిపోదని అర్థమై, దశాబ్దాలపాటు ఊళ్ళవాళ్ళతో కలిసి పోరాడారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. సమస్య తీరిందనుకున్నారు. 2007లో స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం ఆ కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికొస్తున్న నీళ్ళని పరీక్షించింది. దాదాపు తొంభై మందుల కర్మాగారాల నీళ్ళు అక్కడికి వస్తున్నాయి. సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. రెండేళ్ళ తర్వాత అదే పరిశోధన చుట్టుపక్కల చెరువుల్నీ ఊరి బావుల్నీ చూసింది. మందులు అక్కడా ఉన్నాయి.

*

ఇప్పుడు నన్ను గుచ్చిన దాని దగ్గరికొస్తాను.

శుద్ధి చేసిన నీళ్ళని వాగులో వదలొద్దన్నాక ఒక పైపు వేశారు. సుమారు 18 కిలోమీటర్లు, భూమి లోపల. ఆ నీళ్ళు నగరం మురుగుకాలువలో కలిసి, అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి చేరి, అక్కణ్ణుంచి మూసీలోకి పోతాయి. మ్యాపు తెరిచి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. నక్కవాగు మంజీరలో, మంజీర గోదావరిలో కలుస్తుంది. మూసీ కృష్ణలో కలుస్తుంది. అంటే ఆ పైపు ఒక నదికి పోయేదాన్ని ఇంకో నదికి తిప్పింది. ఊరి మురుగుతో కలిపితే పలచనవుతుందనేది అందులోని ఆలోచన.

నేల మీద నడిచేవాడికి ఆ పైపు కనపడదు. దాని మీద గడ్డి పెరుగుతుంది. వాసన రాదు. పక్షులకి అడ్డం రాదు. మన బెల్టులో నేలతో ఇంత పూర్తిగా కలిసిపోయిన కట్టడం ఇంకోటి లేదు. కట్టడం కనపడకుండా ఉండటమే గొప్పదనమైతే మొదటి బహుమతి ఆ పైపుకే ఇవ్వాలి.

ఇది ఎగతాళికి అనట్లేదు. ఆ పైపు వల్ల నక్కవాగు పక్క ఊళ్ళకి కొంత ఊపిరి వచ్చింది. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు ఆ వాగు ఒడ్డునే. బర్రెలు వాగు దగ్గరికి పోయి నీళ్ళు తాగకుండా వెనక్కి తిరిగొచ్చేవని ఆమె చెప్పేది. నేను చెబుతున్నది ఒక్కటే, కలిసిపోవడం అనే మాటలో మంచిగానీ చెడుగానీ లేదు. తెలుగులో ఆ మాటకి ఎన్ని ముఖాలున్నాయో చూడండి. చుట్టం ఇంట్లో కలిసిపోతాడు. చక్కెర పాలల్లో కలిసిపోతుంది. యాసిడ్ వాగులో కలిసిపోతుంది. చేనులో మనం పీకేసేదాని పేరు కూడా కలుపే. ఇక మట్టిలో కలిసిపోవడమంటే ఏమిటో చెప్పక్కర్లేదు.

2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఔషధ సామగ్రి కర్మాగారంలో పేలుడు జరిగి నలభైమందికి పైగా చనిపోయారు. చాలామంది వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు. డీఎన్‌ఏ పరీక్షలతో గానీ ఎవరు ఎవరో తేలలేదు. కొందరి ఆనవాళ్ళు దొరకనేలేదు. కొన్ని వారాలు టీవీల్లో పాశమైలారం అనే పేరు వినపడింది. ఆ తర్వాత ఆ పేరు మళ్ళీ నేలలో కలిసిపోయింది. శని ఆదివారాలు హైవే మీద కార్లలో వెళ్ళేవాళ్ళకి అది ఎడమవైపా కుడివైపా కూడా తెలీదు.

*

నేను చేసేది సాఫ్ట్‌వేర్ పని. మా పనిలో కూడా కనపడకుండా ఉండటం గొప్పే. బటన్ నొక్కితే డబ్బులు వెళ్ళాలి. వెనక ఎన్ని సర్వర్లు ఏం మాట్లాడుకున్నాయో వాడేవాడికి అక్కర్లేదు. చిక్కుని దాచడమే మా వృత్తి. కానీ అదే వృత్తిలో ఒక పాపం కూడా ఉంది. కోడ్‌లో ఏదన్నా తప్పు జరిగితే పట్టుకోవడానికి ట్రై-క్యాచ్ అని రాస్తాం. బద్ధకంగానో భయంగానో కొందరు ఆ క్యాచ్ భాగాన్ని ఖాళీగా వదిలేస్తారు. తప్పు జరుగుతుంది, పట్టుబడుతుంది, ఎవరికీ చెప్పకుండా మింగేయబడుతుంది. స్క్రీన్ మీద అంతా బాగానే ఉంటుంది. ఆరు నెలల తర్వాత లెక్కలు తేలకపోతే రాత్రంతా కూర్చొని వెతకాలి. అలాంటి కోడ్ నేనూ రాశాను, మొదటి ఉద్యోగంలో. దాని ఫలితం అనుభవించింది నా తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నవాడు.

అప్పట్నుంచీ నేను పెట్టుకున్న నియమం ఇది: చిక్కుని దాచొచ్చు, తప్పుని దాచకూడదు. పైపుకీ పెవిలియన్‌కీ కూడా ఇదే వర్తిస్తుందనిపిస్తుంది. వాన నీళ్ళు ఏ గొట్టంలోంచి సంపులోకి పోతున్నాయో అతిథికి కనపడనక్కర్లేదు. కానీ ఇది ఎలాంటి నేలో, దీనికేం జరిగిందో కూడా కనపడకుండా చేస్తే, అది ఖాళీ క్యాచ్. మట్టిగోడా గడ్డికప్పూ కలిసి వచ్చినవాడితో ఏం చెబుతున్నాయి? "ఇక్కడ ఎప్పుడూ ఇలాగే ఉంది. నువ్వు ప్రకృతి ఒడిలో ఉన్నావు" అని. అందమైన అబద్ధాలు మామూలు అబద్ధాలకన్నా ఎక్కువ కాలం నిలుస్తాయి.

*

ఇదంతా ఫోన్లో చెబితే ఆమె ఓపిగ్గా వింది. తర్వాత నన్ను దులిపేసింది.

"అరే, నలభై ఏళ్ళ పాపం మొత్తం తీసుకొచ్చి నా రెండువందల యాభై చదరపు మీటర్ల మీద పెడతావా? నేను కట్టకపోతే ఆయన ఏం చేస్తాడో తెలుసా? గ్లాసు డబ్బా పెట్టి నాలుగు ఏసీలు బిగిస్తాడు. పోనీ నువ్వు చెప్పినట్టు కనపడేట్టే కడదాం. చిమ్నీలు కనపడట్లేదా ఇక్కడ? రోజూ అందరూ చూస్తూనే ఉన్నారు. చూసి ఏం పీకారు?"

రెండు మాటలూ బలమైనవే. నేల పూర్తిగా శుభ్రమయ్యేదాకా ఎవరూ మంచిగా కట్టొద్దంటే ఇక్కడ రేకుల షెడ్లు తప్ప ఏమీ మిగలవు. ఇప్పటికే ఈ బెల్టులో తాగే చోటంటే ఏముంది? బోర్డు మీద "వైన్స్" అని ఉంటుంది, లోపల వైన్ తప్ప అన్నీ ఉంటాయి. పక్కన పర్మిట్ రూమ్. రెండో షిఫ్టు దిగినవాళ్ళు రేకుల కింద నిలబడి, ప్లాస్టిక్ గ్లాసులో పోసుకొని, పది నిమిషాల్లో ముగించి వెళ్ళిపోతారు. చల్లటి గోడా, చెట్టు నీడా, తీరిగ్గా కూర్చోడానికి ఒక బల్లా ఉండటం తప్పు అనడానికి నాకు నోరు రాదు. అది వాళ్ళకి కూడా ఉండాలనడమే సరైన మాట.

కనపడితే సరిపోదనేదీ నిజమే. అమీన్‌పూర్ చెరువునే తీసుకోండి. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. నగరంలోని చెరువుకి అలాంటి గుర్తింపు రావడం దేశంలో అదే మొదలు. పొద్దున్నే కెమెరాలతో పక్షుల్ని చూడ్డానికొచ్చేవాళ్ళుంటారు. ఆ తర్వాత అందులో చేపలు చచ్చి తేలాయి. పక్షులూ కనపడ్డాయి, చేపలూ కనపడ్డాయి. చూడటానికీ పట్టించుకోవడానికీ మధ్య ఇంకేదో కావాలి.

ఆ ఇంకేదో ఏమిటో నాకు పుస్తకాల్లో దొరకలేదు. మా బాపు దగ్గర దొరికింది.

*

మా బాపు ఇరవయ్యారేళ్ళు ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో ఆపరేటర్‌గా చేశాడు. నా ఇంజినీరింగ్ ఫీజులు ఆ జీతంలోంచి వచ్చినవే. అమ్మమ్మ బావి పాడవడమూ, నా చదువు సాగడమూ ఒకే పరిశ్రమ పుణ్యం. కాబట్టి ఈ వ్యాసంలో నేను ఒడ్డున నిలబడి మాట్లాడట్లేదు. ఇవాళ మా అపార్ట్‌మెంట్లో కుళాయి తిప్పితే మంజీర, దాని పక్కన ఆర్.ఓ. మిషను. ఎవరూ నన్ను వేరుగా గుర్తుపట్టలేరు, అంత బాగా కలిసిపోయాను.

జనవరిలో సైటుకి సెన్సర్లు పెట్టడానికి వెళ్తూ బాపుని కూడా తీసుకెళ్ళాను. దారిలో కిటికీ అద్దం దించి కూర్చున్నాడు. ఒకచోట, "గిది టొలీన్" అన్నాడు. ఇంకో రెండు కిలోమీటర్ల తర్వాత, "అమ్మోనియా. లీకున్నట్టుంది యాడనో." నాకు రెండూ ఒకటే కంపు. తోట చేరాక బోరు వేయించి, దోసిట్లో నీళ్ళు పట్టి, ముందు వాసన చూశాడు. తర్వాత కొంచెం నోట్లో పోసుకొని, అటూ ఇటూ తిప్పి, పక్కకి ఉమ్మేశాడు. మళ్ళీ ఒక గుక్క తాగాడు.

"గీ నీళ్ళు మంచిగనే ఉన్నయ్ బిడ్డా. ఈ జాగ ఎత్తుకున్నది గద, వాగుకు దూరం. జర సున్నం ఎక్కువున్నది, అంతే."

మా స్నేహితురాలు నోరు తెరుచుకొని చూస్తోంది. వైన్ రుచి చూసేవాళ్ళు చేసేది సరిగ్గా ఇదే. చూడటం, వాసన పట్టడం, నోట్లో తిప్పడం, ఉమ్మడం, తర్వాత ఏ నేలదో చెప్పడం. ఫ్రెంచివాళ్ళు దాన్ని టెర్వార్ అంటారు. తీగ పెరిగిన మట్టీ, గాలీ, వాలూ అన్నీ గ్లాసులోకి వస్తాయనే నమ్మకం. ఆ నమ్మకాన్ని సీరియస్‌గా తీసుకుంటే, ఈ నేల రుచి చెప్పగలిగినవాళ్ళు ఇక్కడ వందలమంది ఉన్నారు. ఏ బావి నీళ్ళతో పప్పు ఉడకదో తెలిసిన ఆడవాళ్ళు, ఏ రాత్రి ఏ వాసనొస్తే కిటికీలు మూసుకోవాలో తెలిసిన కాలనీలవాళ్ళు. వాళ్ళకి ఆ విద్య సరదాకి రాలేదు. ప్రాణం కాపాడుకోవడానికి వచ్చింది. వాళ్ళు చూస్తారు, పట్టించుకుంటారు కూడా. ఎందుకంటే ఆ నీళ్ళు వాళ్ళ నోట్లోకి పోతాయి. నేను వెతుకుతున్న ఆ ఇంకేదో అదే. కన్ను దూరం నుంచి చూసి వదిలేయగలదు. నాలుకకి ఆ వీలు లేదు.

ఈతవనం కింద కల్లు తాగే పద్ధతిని గొప్పచేసి ఈ వ్యాసం ముగిద్దామని ఒక దశలో అనుకున్నాను. చెట్టు కిందే, దింపిన పూటే, ఆకు దొప్పలో. నేలలో కలిసిపోయిన టేస్టింగ్ పెవిలియన్ అంటే అదే కదా అని. కానీ కల్లులో డైజిపాం, ఆల్ప్రజోలం కలిపి పట్టుబడిన వార్తలు చదివాక ఆ వాక్యం రాయలేకపోయాను. మందుల బిళ్ళ చివరికి చెట్టు కింది కల్లులోకి కూడా వచ్చింది. పాత రోజుల్లోకి పారిపోయే దారి కూడా ఈ నేల మీద శుభ్రంగా లేదు. ఉన్నచోట నిలబడి ఉన్నది చెప్పడమే మిగిలింది.

*

ఆ సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు కారులో ముగ్గురం పెద్దగా మాట్లాడుకోలేదు. పది రోజుల తర్వాత ఆమె కొత్త డ్రాయింగు పంపింది. గోడలూ కప్పూ అలాగే ఉన్నాయి. గుమ్మం దగ్గర మాత్రం ఒక రాతి తొట్టి వచ్చింది, బోరు నీళ్ళు సన్నగా పడుతూ ఉండేట్టు. పక్కన కొన్ని గ్లాసులు. వచ్చినవాళ్ళు ముందు ఆ నీళ్ళు రుచి చూసి, తర్వాతే వైన్ దగ్గరికి పోవాలి. తొట్టి పైన గోడలో చిన్న స్క్రీన్‌కి చోటు వదిలింది. ఆ బోరు నీళ్ళలో ఇవాళ ఏముందో, ఏ నెలలో ఏం తేలిందో, కింద వాగు పక్క ఊళ్ళ బావుల్లో ఏం తేలిందో ఆ స్క్రీన్ మీద రావాలట. "గోడ కలిసిపోతది. ఇది మాత్రం కలవదు. చాలా?" అని మెసేజ్ పెట్టింది.

మంచి రోజున మంచి అంకె, చెడ్డ రోజున చెడ్డ అంకె. చెడ్డ రోజున వైన్ అమ్మకాలు తగ్గుతాయి. తోట యజమానికి అప్పుడు వాగుతో సంబంధం ఏర్పడుతుంది. తన జేబు మీద పడ్డాక ఆయన ఎవరికో ఫోన్ చేస్తాడు. ఆయన ఫోన్ చేస్తే ఎత్తేవాళ్ళు మా అమ్మమ్మ ఫోన్ చేస్తే ఎత్తేవాళ్ళు కారు. ఇది న్యాయం కాదని నాకు తెలుసు. కానీ అందంగా దాక్కున్న గోడ కన్నా ఇది నయం.

యజమానికి తొట్టి నచ్చింది. చాలా నచ్చింది. ఫొటోలకి బాగుంటుందన్నాడు. స్క్రీన్ మీద ఊళ్ళ బావుల లెక్కలు అక్కర్లేదన్నాడు. తొట్టిలోకి మాత్రం ఆర్.ఓ. లైను ఇవ్వమన్నాడు, అతిథుల ఆరోగ్యం కోసం.

అక్కడ ఆగింది పని. ఆమె ఇంకా ఆయనతో మాట్లాడుతోంది. నా డాష్‌బోర్డులో మాత్రం బావుల లెక్కలకి పెట్టిన చోటు నేను తీసెయ్యలేదు. అంకెలు రాకపోతే అక్కడ ఖాళీగా ఉండకుండా, "ఈ వివరం ఇవ్వలేదు" అని రావాలని రాశాను. ఖాళీ క్యాచ్ ఇంకోసారి రాయదలచుకోలేదు.

మొన్న బాపుకి ఈ తగువంతా చెప్పాను. టీవీ చూస్తూ విన్నాడు. స్క్రీన్ సంగతి ఆయనకి పెద్దగా ఎక్కలేదు.

"అంకెలు పెట్టుండ్రి, మంచిదే" అన్నాడు. "గని తాగేటందుకు ముంగట వాసన చూడుమని చెప్పుండ్రి. అంకె తప్పు చెప్పొచ్చు."

ఆ మాట ఆమెకి చెప్పాను. స్క్రీన్ కింద రాతిలో చెక్కించడానికి వాక్యం కోసం వెతుకుతోంది కదా, అదే చెక్కిస్తానంటోంది.